ఎంతమంది అని అడిగాం, ఎప్పుడని అడగలేదు
(దుర్గాబాయి దేశ్‌ముఖ్ స్మారకోపన్యాసం)



దుర్గాబాయమ్మను తలుచుకునేటప్పుడు మనం సాధారణంగా రాజ్యాంగ సభ గురించో, ప్రణాళికా సంఘం గురించో, 1937లో మద్రాసులో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ గురించో మాట్లాడతాం. నేను అంతకన్నా వెనక్కి వెళ్తాను. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆ బిడ్డకు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక, కాపురానికి పంపే వేళకు, ఈ పెళ్లి నాకు వద్దని ఆ పిల్ల చెప్పింది. ఆ మాటను కన్నతండ్రి విన్నాడు. ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, ఆ తర్వాత పట్టుబట్టి పాసైన మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా, మద్రాసులో న్యాయశాస్త్రం, రాజ్యాంగ సభలో స్థానం, అన్నీ ఆ తర్వాత వచ్చినవే. ఆ ఇంట్లో ఆ రోజు ఆ మాట వినకపోయి ఉంటే ఆమె పదహారో ఏటో పదిహేడో ఏటో తల్లి అయ్యేది. మనం ఇవాళ ఇక్కడ సమావేశమయ్యే వాళ్లం కాదు.

అందుకే ఈ ఉపన్యాసానికి కౌమార గర్భాలను విషయంగా తీసుకున్నాను. ఇరవై ఏళ్లు నిండకముందే తల్లులవుతున్న మన ఆడపిల్లల గురించి మాట్లాడతాను. నేను ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో పనిచేసిన డాక్టర్ని. ఆ వార్డు నాకు నేర్పిన సంగతులే ఎక్కువగా చెబుతాను.

ముందుగా కొన్ని అంకెలు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 6.8 శాతం మంది అప్పటికే తల్లులో, గర్భిణులో. ఆంధ్రప్రదేశ్‌లో అది 12.6 శాతం. అంటే ఆ వయసు ఆడపిల్లలు ఎనిమిది మంది ఉంటే అందులో ఒకరు. అంతకు ముందు, 2015–16 సర్వేలో మన అంకె 11.8. దేశం మొత్తమ్మీద తగ్గుతున్నది ఆంధ్రలో పెరిగింది. తెలంగాణలో పది శాతానికి పైనుంచి 5.8 శాతానికి దిగింది. అది సంతోషించవలసిన విషయం. అయినా 20–24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవారు అక్కడ దాదాపు నలుగురిలో ఒకరు. ఆంధ్రలో 29.3 శాతం.

ఈ అంకెలు చూడగానే చాలామంది పెద్దలు సెల్‌ఫోన్లను, సినిమాలను, చెడిపోతున్న పిల్లలను తిడతారు. వార్డులో నేను చూసింది వేరు. మా దగ్గరికి వచ్చే పదహారేళ్ల గర్భిణి మెడలో పసుపుతాడు ఉంటుంది. పక్కన అత్తగారు ఉంటుంది. పెళ్లిపత్రిక అచ్చయింది, భోజనాలు పెట్టారు, అక్షింతలు వేశారు. అంటే మన రాష్ట్రాల్లో ఈ గర్భాల్లో అత్యధిక భాగం పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలోనివే. పెళ్లికాని అమ్మాయిలకు ఈ కష్టం రాదని కాదు, వాళ్ల సంగతికి తర్వాత వస్తాను. కానీ తప్పు ఎక్కడుందో సరిగ్గా గుర్తించకపోతే మందు తప్పుతుంది. ఇది ప్రధానంగా పిల్లలు చేసిన తప్పు కాదు, పెద్దలు తీసుకున్న నిర్ణయం.

ఈ నిర్ణయాలతో పోరాటం మన గడ్డకు కొత్త కాదు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో మూడేళ్ల కాలంలో డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. గురజాడ తన కన్యాశుల్కం ముందుమాటలో దాన్ని పేర్కొన్నారు. దొరికినంతవరకే 1034 పెళ్లిళ్లు. అందులో అయిదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో. అంతకు ముందే బెంగాల్లో ఫూల్‌మణి అనే పసిపిల్ల భర్త చేతిలో చనిపోయింది, ఆ దుర్ఘటన దరిమిలా 1891లో సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచారు. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగన్నది. 1949లో పదిహేను చేశారు, 1978లో పద్దెనిమిది చేశారు. 2006లో బాల్యవివాహ నిషేధ చట్టం వచ్చింది. చట్టం ఎన్నో మెట్లు ఎక్కింది. అయిదేళ్ల పెళ్లికూతురు ఇవాళ లేదు. కానీ పదిహేను, పదహారు, పదిహేడు అనే మూడు మెట్ల దగ్గర మన సమాజం ఆగిపోయింది. ఎందుకు ఆగిందన్నదే ఇవాళ్టి నా ప్రశ్న.

దీనికి ఒక జవాబు మనం చాలా గర్వంగా చెప్పుకునే విజయంలోనే ఉంది. కుటుంబ నియంత్రణలో తెలుగువాళ్లు దేశానికి ముందు వరుసలో నిలిచారు. అయిదో సర్వేలో ఆంధ్రలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. కాన్పులు నూటికి తొంభై ఆరుకు పైగా ఆసుపత్రుల్లోనే. ఇంత మంచి అంకెలున్న చోట పదహారేళ్ల తల్లులు ఎందుకుంటారని బయటివాళ్లు ఆశ్చర్యపోతారు. ఆంధ్రలో పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారు. మాత్రలు, కండోమ్‌లు, లూప్ అన్నీ కలిపినా రెండు శాతం దాటవు. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. అంటే తొందరగా పెళ్లయిన మన ఆడపిల్ల జీవితం ఇలా నడుస్తోంది: పదిహేడుకు పెళ్లి, పద్దెనిమిదికి తొలికాన్పు, ఇరవైకి మలికాన్పు, ఆ వెంటనే ఆపరేషన్. పాతికేళ్లు నిండకముందే తల్లిగా ఆమె పని పూర్తయిందని ఊరు తేల్చేస్తుంది.

కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణం గోడమీద వేసిన రోజు నుంచీ మనం ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాం, ఎంతమంది పిల్లలని. ఇద్దరు చాలన్నాం, జనం విన్నారు. ఎప్పుడు కనాలని మాత్రం గట్టిగా ఎవరం అడగలేదు. తల్లి వయసు ఆసుపత్రి కార్డులో ఒక గడిగానే మిగిలింది, ఆ గడిలో కూడా చాలాసార్లు నిజం రాయరు. పదిహేడేళ్ల పిల్లకు పందొమ్మిది అని రాయించడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే.

ఇక కారణాలు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది పదో తరగతి తర్వాత ఏర్పడే ఖాళీ. ఊళ్లో హైస్కూలు ఉంటుంది, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో ఉంటుంది. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. హాస్టల్లో సీటు దొరకదు. పిల్లను ఒంటరిగా పంపాలంటే తండ్రికి భయం, ఇంట్లో ఉంచాలంటే తల్లికి భయం. గుండెలమీద కుంపటి అంటారు. ఆ వేసవిలోనే సంబంధం వస్తుంది. మంచి సంబంధం, మళ్లీ రాదంటారు.

రెండోది వలస. పాలమూరు నుంచి, ఆదోని వైపు నుంచి, అనంతపురం నుంచి కుటుంబాలు పనుల కోసం ఊళ్లు వదిలి వెళ్తాయి. ఈడొచ్చిన పిల్లను ముసలివాళ్ల దగ్గర వదిలి వెళ్లలేరు, పనిచోటికి తీసుకెళ్లలేరు. ఒక అయ్య చేతిలో పెడితే బాధ్యత తీరుతుందనుకుంటారు. నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో పత్తి విత్తన చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లలనే పెట్టుకునేవారు. బడి మానేసి ఆ చేలకు వెళ్లిన పిల్ల మళ్లీ బడికి రావడం కష్టం. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదటి నుంచీ చెప్పింది. బాల్యవివాహాన్ని కూడా ఆ సూత్రంతోనే చూడాలని దానిని నడిపిన శాంతా సిన్హా గారి పని మనకు నేర్పింది. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పాఠాన్ని మనం ఎంత అమలు చేశామన్నది మాత్రం ఇంకా తేలవలసే ఉంది.

మూడోది కట్నం. పిల్ల చదువు పెరిగితే అంతకన్నా చదివిన అల్లుణ్ణి తేవాలి, అంత కట్నమూ ఇవ్వాలి. పదిహేడుకైతే తక్కువలో కుదురుతుంది. మేనరికమైతే ఇంకా సులువు. మేనమామ ఇంట్లోనే ఉన్నాడు, పిల్ల ఎక్కడికీ పోదంటారు. నాలుగోది పరువు. ఎవరితోనైనా మాట్లాడిందని తెలిస్తే చాలు, లేచిపోతుందేమోనన్న భయంతో నెల తిరక్కుండా తాళి కట్టిస్తారు. నిజంగా వెళ్లిపోయిన పిల్లలూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇంట్లో కుదిర్చిన పెళ్లి తప్పించుకోవడానికే వెళ్లారన్న సంగతి మనకు చెవికెక్కదు.

పెళ్లయ్యాక ఇంకో ఒత్తిడి మొదలవుతుంది. మూడో నెలకే ఏమైనా విశేషమా అని ఇరుగుపొరుగు అడుగుతారు. ఆరో నెలకు అత్తగారు గుడికి తీసుకెళ్తుంది. ఏడాదికి అమ్మాయిలో ఏదో లోపం ఉందంటారు. తొలికాన్పుకు ముందు ఏ జాగ్రత్తా వాడకూడదు, వాడితే తర్వాత పిల్లలు పుట్టరని ఒక అపోహ. ఇంత ఒత్తిడిలో ఆగమని చెప్పగల ధైర్యం పదిహేడేళ్ల పిల్లకు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పెళ్లికాని అమ్మాయి గర్భవతి అయినప్పుడు ఆ కథ వేరు. కొన్నిసార్లు అది తెలియనితనం. చాలాసార్లు మోసమో, బలాత్కారమో. చేసినవాడు బంధువో, పక్కింటివాడో, నమ్మకం సంపాదించుకున్నవాడో అయి ఉంటాడు. నెల తప్పిందని ఆ పిల్లకే ఆలస్యంగా తెలుస్తుంది, తల్లికి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది. ఆసుపత్రికి వస్తే పోలీసు కేసవుతుందన్న భయంతో నాటుమందు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్తారు. ఆ పిల్లలు రక్తస్రావంతో మా దగ్గరికి వచ్చేసరికి కొన్నిసార్లు సమయం మించిపోయి ఉంటుంది.

ఫలితాల గురించి డాక్టరుగా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. అయిదో సర్వేలో ఆంధ్రలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు 60 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కడుపులో బిడ్డ పడేనాటికే ఒంట్లో నెత్తురు లేదు. తల్లి శరీరం ఇంకా ఎదుగుతూనే ఉంటే, ఉన్న కాస్త పోషకాల కోసం తల్లీ బిడ్డా పోటీ పడతారు. ఇరవై దాటినవాళ్లతో పోలిస్తే ఇరవై లోపు తల్లులకు గుర్రపువాతం, కాన్పు తర్వాత గర్భాశయ ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్ల బిడ్డలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే అవకాశమూ ఎక్కువే. పదహారు లోపు పిల్లలకు కటి ఎముకలు పూర్తిగా విచ్చుకోవు. కొందరిలో బిడ్డ తల దిగదు, నొప్పులు గంటల తరబడి సాగుతాయి, ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. పద్దెనిమిది, పందొమ్మిది ఏళ్లవాళ్లలో ప్రమాదానికి వయసుకన్నా పేదరికం, రక్తహీనత, వైద్యం అందకపోవడం ఎక్కువ కారణం. ఈ తేడా తెలిసి ఉండాలి. ఎందుకంటే వయసును మనం వెనక్కి తిప్పలేం కానీ రక్తం పట్టేలా చూడగలం, పరీక్షలు చేయగలం, ఆ ప్రాణాన్ని కాపాడగలం.

కాన్పుతో కథ ఆగదు. చదువు ఆగుతుంది, చేతికి డబ్బు రాదు, ఇంట్లో మాట చెల్లదు. ఇరవై రెండేళ్లకు పిల్లల ఆపరేషన్ అయిపోయిన అమ్మాయికి ముప్పై దాటగానే కడుపునొప్పి, తెల్లబట్ట అంటూ డాక్టర్ల చుట్టూ తిరుగుడు మొదలవుతుంది. పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచితో ఇంకేం పని అని తీసేయించిన సందర్భాలు మనకు కొత్త కాదు. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం దేశంలోకెల్లా మన రెండు రాష్ట్రాల్లోనే ఎక్కువ. తొందరపెళ్లి, తొందరకాన్పు, తొందర ఆపరేషన్, తొందరగా వచ్చిపడే ముసలితనం, ఇవన్నీ ఒకే గొలుసు. ఎక్కడ తెంచాలో మనకు తెలుసు, మొదటి లింకు దగ్గరే.

ఏం చేయాలో ఇప్పుడు చెబుతాను.

మొదట చదువు. పదో తరగతి పాసైన ప్రతి అమ్మాయికీ ఇంటర్మీడియట్ సీటు, హాస్టల్ మంచం లేదా సమయానికి బస్సు ఉండాలి. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఇవాళ ఇంటర్ దాకా ఎదుగుతున్నాయి. తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకులాలు డిగ్రీ దాకా వెళ్లాయి. 2014లో అక్కడి ప్రభుత్వ పెళ్లిసాయం పథకం కల్యాణలక్ష్మి పెళ్లికూతురికి పద్దెనిమిది నిండాలన్న నియమం పెట్టింది. 2022లో ఆంధ్రలో కల్యాణమస్తు పథకానికి పదో తరగతి పాసవ్వాలన్న నియమం కూడా చేరింది. ఇవి మంచి అడుగులు. అయితే ప్రభుత్వ డబ్బు పెళ్లికి కాక చదువుకు ముడిపడితే ఇంకా మంచిది. మధ్యలో చదువాగిన వాళ్లను వదిలేయకూడదు. చదువు మానేసిన మహిళలు పరీక్షలకు కూర్చునేలా కుదించిన కోర్సులను కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా 1958లో మొదలుపెట్టించింది దుర్గాబాయమ్మే. తాను స్వయంగా అలా చదువుకున్న మనిషి. అలాంటి తరగతులు ప్రతి మండలంలో మళ్లీ నడవాలి, చంకలో బిడ్డతో వచ్చే అమ్మాయికి కూడా చోటుండాలి.

రెండోది చట్టం. 2006 చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించినవారికి, ప్రోత్సహించినవారికి రెండేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పిల్ల తలచుకుంటే మేజరయిన రెండేళ్ల దాకా ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. ఈ సంగతి ఎంతమంది అమ్మాయిలకు తెలుసు? పెళ్లి ఆపడానికి బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి (సీడీపీఓకు), తహసీల్దారుకు చెప్పవచ్చు. కానీ చట్టాన్ని పెళ్లికి ముందు వాడాలి. కడుపుతో ఉన్న పిల్ల భర్తను, తండ్రిని జైల్లో వేస్తే ఏమవుతుందో 2023లో అస్సాంలో చూశాం. మూడు వేల మందికి పైగా అరెస్టులు జరిగాయి. గర్భిణులు ఆసుపత్రికి రావడానికి భయపడ్డారని వార్తలు వచ్చాయి. పెళ్లి ఆపడానికి ఉన్న చట్టం ఆసుపత్రి తలుపు మూయకూడదు.

మూడోది వైద్యం. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి రాని పిల్లలకు 2022 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. మైనరు, ఆమె సంరక్షకులు కోరితే పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద పోలీసులకు సమాచారమిచ్చేటప్పుడు డాక్టరు ఆ పిల్ల పేరు, గుర్తింపు వెల్లడించనక్కర్లేదు. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత మైనర్లకు 24 వారాల వరకు చట్టబద్ధంగా గర్భస్రావం చేయించుకునే వీలుంది. ఈ రెండు సంగతులూ ప్రతి పీహెచ్‌సీలో డాక్టరుకూ, ఏఎన్‌ఎమ్‌కూ, ఆశ కార్యకర్తకూ నోటికి రావాలి. తొలి కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బు తల్లికి పద్దెనిమిదేళ్ల ఏడు నెలలు నిండితేనే వస్తుంది. పెళ్లి వయసు కాపాడాలన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ పాలూ గుడ్లూ అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన పిల్లకే ఆ డబ్బు అందడం లేదు. శిక్ష పడేది ఆమెకు, పెళ్లి నిర్ణయం చేసింది వేరేవాళ్లు. ఈ నియమాన్ని మార్చాలని ఈ వేదిక మీదనుంచి కోరుతున్నాను.

నాలుగోది పెళ్లికీ తొలికాన్పుకూ మధ్య ఎడం. పెళ్లి అయిపోయింది, ఇక ఏం చేస్తామని అనుకోకూడదు. కొత్త జంటకు గర్భాన్ని వాయిదా వేసే కండోమ్‌లు, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షన్లు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. తొలికాన్పుకు ముందు వాడితే పిల్లలు పుట్టరన్నది అబద్ధం. ఈ మాట భర్తకు, అత్తగారికి కూర్చోబెట్టి చెప్పాలి. అయిదోది పాఠం. ఎనిమిది, పదో తరగతుల్లో ప్రత్యుత్పత్తి పాఠాన్ని ఇంటిదగ్గర చదువుకోండని దాటేసే ఉపాధ్యాయులకు నా విన్నపం: ఆ పాఠం చెప్పండి, మగపిల్లలకూ చెప్పండి. ఒంటిమీద చెయ్యి వేస్తే వద్దని చెప్పడం ఆడపిల్లకు, ఆ వద్దును గౌరవించడం మగపిల్లవాడికి బడిలోనే నేర్పాలి.

చివరగా ఊరు. పురోహితులు, పాస్టర్లు, ఖాజీలు, ఫంక్షన్ హాలు యజమానులు, పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులు, వీళ్లంతా ఒక్క పుట్టిన తేదీ చూడమంటే చాలు, సగం పెళ్లిళ్లు ఆగుతాయి. గ్రామ పంచాయతీలను నేను కోరేది ఒక్కటే. పదో తరగతి ఫలితాలు వచ్చాక జూన్ నెలలో ఊరి ఆడపిల్లలందరి పేర్లతో ఒక జాబితా రాయండి. ఎవరు ఏ కాలేజీలో చేరారు, ఎవరు చేరలేదు, ఎందుకు చేరలేదు అని పక్కన రాయండి. చేరని ప్రతి పిల్ల ఇంటికీ సర్పంచో, ప్రధానోపాధ్యాయులో, ఆశ కార్యకర్తో వెళ్లండి. సీటు కావాలా, బస్సు కావాలా, డబ్బు కావాలా, సంబంధం వచ్చిందా అని అడగండి. మళ్లీ డిసెంబరులో ఆ జాబితా గ్రామసభలో చదవండి. పిల్లల్ని లెక్కించడం మనకు బాగా వచ్చు. ఇప్పుడు ఆ పిల్లల సంవత్సరాల్ని లెక్కించడం నేర్చుకోవాలి. పదో తరగతికీ ఇరవయ్యో ఏటికీ మధ్య ఉన్న ఆ నాలుగేళ్లు ఆడపిల్లవి. వాటిని ఆమెకు ఇవ్వవలసిన బాధ్యత మనది, ఈ ఏడాదే మొదలుపెట్టాలి.